ఎక్స్‌టెండెడ్ వారంటీ: నా కారుకు వద్దన్నాను, తమ్ముడి కారుకు పట్టుబట్టి తీయించాను

మా ఇంట్లో రెండు కార్లకు కంపెనీ వారంటీ కాస్త అటూ ఇటూగా ఒకే సమయంలో ముగింపుకొచ్చింది. ఒకటి నాది, ఒకటి తమ్ముడిది. నా కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ అక్కర్లేదని తేల్చేశాను. తమ్ముడికి మాత్రం తీసుకోమని వెంటపడి చెప్పాను. "నీకో న్యాయం, వాడికో న్యాయమా?" అని అమ్మ నిలదీసింది. వాడిదీ అదే అనుమానం: "అక్కా, మంచిదైతే నువ్వెందుకు తీసుకోవట్లేదు? దండగైతే నన్నెందుకు తీసుకోమంటున్నావు?" వాణ్ని కూర్చోబెట్టి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. "కళ్లు మూసుకుని తీసుకో" అనేవాళ్లూ, "అంతా మోసం" అనేవాళ్లూ చాలామంది కనిపిస్తారు. ఇద్దరూ మీ కారు చూడకుండా, మీ చేతిలోని కాగితం చదవకుండానే మాట్లాడతారు. ఆ రెండూ చూడకుండా దీనికి జవాబు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

నేను ఆసుపత్రి యంత్రాల మెయింటెనెన్స్ చూస్తాను. సగం పని పనిముట్లతో, సగం పని కాంట్రాక్టు కాగితాలతో. ఒక ఎక్స్‌రే యంత్రానికి మెయింటెనెన్స్ కాంట్రాక్టు రాసుకునేటప్పుడు మేం మొదట అడిగేది ట్యూబు గురించే. యంత్రంలో బాగా ఖరీదైన భాగాల్లో అదొకటి, వాడేకొద్దీ ఆయుష్షు తగ్గేదీ అదే. మొదటి పేజీలో "అన్ని స్పేర్లతో కలిపి" అని ఉంటుంది. లోపలెక్కడో ట్యూబు తప్ప అనో, ట్యూబుకు వాడకాన్ని బట్టి కొంత శాతమే ఇస్తామనో ఉంటుంది. ఇలాంటివి చదివీ చదివీ, ఏ కాంట్రాక్టు చేతికొచ్చినా ముందు మినహాయింపుల పేజీ తెరవడం అలవాటైపోయింది. కారు వారంటీ పుస్తకాన్నీ అక్కణ్నుంచే మొదలుపెట్టాను.

కారుతో పాటు వచ్చే వారంటీ కారు ధరలోనే ఉంటుంది. తయారుచేసినవాళ్లు తమ సరుకుకు తాము పడే పూచీ అది. ఎక్స్‌టెండెడ్ వారంటీ మనం విడిగా డబ్బు కట్టి కొనుక్కునే వేరే ఒప్పందం. అమెరికాలో వారంటీల కోసమే 1975లో మాగ్నసన్-మాస్ చట్టం అని ఒకటి వచ్చింది. ఆ చట్టం లెక్క ప్రకారం ఇలా విడిగా కొన్నది అసలు వారంటీయే కాదు, సర్వీస్ కాంట్రాక్టు. ఈ తేడా ఊరికే చట్టం చదివేవాళ్ల కోసం చెప్పడం లేదు. పాత వారంటీయే ఇంకో రెండేళ్లు సాగుతుందని చాలామంది అనుకుంటారు. నేను రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో భాగాన్నీ టిక్ పెట్టుకుంటూ వెళ్లాను. టచ్‌స్క్రీన్, సస్పెన్షన్ బుష్‌లు, తలుపుల రబ్బర్లు, పెయింటు మొదటిదాంట్లో ఉన్నాయి, రెండోదాంట్లో లేవు.

ఈ కాంట్రాక్టుల్లో మూడు రకాలున్నాయి. కారు కంపెనీయే ఇచ్చేవి, డీలర్లు బీమా కంపెనీతో కలిసి అమ్మేవి, కారు కంపెనీతో ఏ సంబంధం లేని బయటి సంస్థలు అమ్మేవి. షోరూమ్ టేబుల్ మీద పెడితే మూడూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే నేను అడిగిన మొదటి ప్రశ్న: రేపు గేర్‌బాక్స్ పోతే బిల్లు కట్టే సంస్థ పేరేమిటి, ఆ పేరు ఏ పేజీలో ఉంది? అమెరికాలో యూఎస్ ఫిడెలిస్ అనే సంస్థ ఇలాంటి కాంట్రాక్టులను దేశమంతా అమ్మి 2010లో దివాలా తీసింది. "మీ కారు వారంటీ అయిపోతోంది" అంటూ రికార్డు చేసిన గొంతుతో వచ్చే ఫోన్లు అక్కడ ఎంతగా పెరిగాయంటే, టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022లో ఆ కాల్స్‌ను అడ్డుకోమని ఫోన్ కంపెనీలను ఆదేశించింది. మరుసటి ఏడాది, ఆ కాల్స్ నడిపిన ముఠాకు దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఫోన్లో వచ్చిన ఆఫర్‌ను ఫోన్లోనే ఒప్పుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. కావాలంటే కాంట్రాక్టు కాపీ మెయిల్ చెయ్యమనండి. పంపనన్నారంటే అక్కడితో ఆ మాట ఆపేయొచ్చు.

ఇక అసలు సంగతికొస్తాను. కారులో భాగం హఠాత్తుగా చెడిపోవచ్చు, లేదా వాడకంతో అరిగిపోవచ్చు. ఎక్స్‌టెండెడ్ వారంటీ మొదటిదానికి మాత్రమే పనికొస్తుంది. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, వైపర్లు, బల్బులు, ఫిల్టర్లు, మామూలు 12 వోల్టుల బ్యాటరీ అరిగేవాటి లెక్కలోకి వస్తాయని అందరికీ తెలుసు, వాటితో పేచీ లేదు. పేచీ అంతా మధ్యలో ఉన్నవాటితోనే. షాక్ అబ్జార్బరు నుంచి ఆయిల్ బయటికొస్తే ఏ లెక్క? స్టీరింగ్ ర్యాక్ గతుకుల్లో టకటకమంటే? వీల్ బేరింగ్ గుయ్యిమంటే? ఇంజిన్ మౌంట్ రబ్బరు చిట్లితే? ఒక్కో పుస్తకంలో ఒక్కో జవాబు ఉంది. పుస్తకంలో స్పష్టంగా లేనిచోట తేల్చేది మీరూ కాదు, మీ మెకానిక్కూ కాదు. క్లెయిమ్ ఆమోదించే ఆఫీసులో కూర్చున్న మనిషి, మెకానిక్ పంపిన ఫోటోలు చూసి తేలుస్తాడు.

దీనికి నా కారులోనే ఒక ఉదాహరణ దొరికింది. కారును లిఫ్టు మీదకు ఎత్తించి టార్చి వేసి చూస్తే, ఇంజిన్ ముందువైపు టైమింగ్ కవరు ఆయిల్ పాన్‌ను కలిసే మూలలో నల్లటి తడి మరక ఉంది. దుమ్ము అంటుకుని జిడ్డుగా పేరుకుంది. వేలితో రాస్తే అంటింది. కానీ చుక్క కట్టలేదు, కిందకు జారిన చార కూడా లేదు. మెకానిక్ ఆ చోట బ్రేక్ క్లీనర్ కొట్టి, గుడ్డతో తుడిచి, ఫోటో తీసి, "కొన్నాళ్లు తిప్పి తీసుకురండి మేడమ్, ఎంత వస్తుందో చూద్దాం" అన్నాడు. మళ్లీ ఎత్తి చూస్తే కవరు అంచు వెంబడి గోరంత వెడల్పున మెరుస్తూ తడి ఉంది. చుక్క అయితే అప్పుడూ లేదు. ఇంటికొచ్చి ఎక్స్‌టెండెడ్ కాంట్రాక్టు తెరిచాను. ఆయిల్ చెమర్చితే వారంటీ వర్తించదని, చుక్కలు పడేలా కారితేనే వర్తిస్తుందని రాసి ఉంది. అక్కడ పొయ్యాల్సిన సీలెంట్ ఖర్చు పెద్ద లెక్కలోది కాదు. దాన్ని పొయ్యాలంటే ఇంజిన్ మౌంట్, బెల్టు, పుల్లీ అన్నీ విప్పి కవరు బయటికి తియ్యాలి, ఖర్చంతా ఆ లేబర్‌దే. అది చుక్క కట్టేదాకా ఆగితే ఒక లెక్క, కట్టకముందే బాగుచేయించాలనుకుంటే ఇంకో లెక్క. ఒక యంత్రాన్ని జాగ్రత్తగా చూసుకునే మనిషి చుక్క కట్టకముందే బాగుచేయించాలనుకుంటుంది. కాంట్రాక్టు ఆ జాగ్రత్తకు డబ్బివ్వదు.

అదృష్టవశాత్తు కంపెనీ వారంటీ ఇంకా ఉండగానే ఇది కనబడింది కాబట్టి, సర్వీస్ సెంటర్‌వాళ్లు మన ఫిర్యాదులు నమోదు చేసే జాబ్ కార్డులో రాయించి, ఆ వారంటీలోనే చేయించుకున్నాను. నన్నడిగితే ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ చెయ్యాల్సిన మొదటి పని ఇదే. వారంటీ ఇంకో రెండు మూడు నెలలుందనగా, సర్వీస్ సెంటర్‌తో సంబంధం లేని మంచి మెకానిక్‌కు డబ్బిచ్చి కారును పూర్తిగా చూపించాలి. కింద కారేవి, చెమర్చేవి, స్కానర్ పెడితే దొరికే కోడ్‌లు, ఏసీ వేసిన మొదటి నిమిషంలో వచ్చే శబ్దం, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు గడగడ, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే వచ్చే కూత, పవర్ విండోలు, సెంట్రల్ లాకు, రివర్స్ కెమెరా, సీటు బెల్టు మెల్లగా వెనక్కి వెళ్లడం, అన్నీ. ఆ జాబితా పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ప్రతి ఫిర్యాదునూ జాబ్ కార్డులో రాయించాలి. "ఇది మామూలేనండీ" అని నోటితో చెబితే సరిపోదు, "చూశాం, మామూలే" అని కార్డు మీద రాయమని అడగాలి. తేదీ, కిలోమీటర్లు, ఫిర్యాదు ఉన్న ఆ కాగితం మీ దగ్గరుంటే, అదే సమస్య వారంటీ అయిపోయాక పెద్దదైనప్పుడు "వారంటీ ఉండగానే చెప్పాను" అనడానికి ఒక ఆధారం ఉంటుంది. ఈ పనికి అయ్యే ఖర్చు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఖర్చులో చిన్న భాగం. పైగా కారు నిజంగా ఎలా ఉందో తెలిశాక, కొనాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది.

మిగతా సగం కారులో ఏమున్నాయి, ఎంత తిరుగుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. యంత్రాలు ఎప్పుడెప్పుడు చెడతాయో చూపే గ్రాఫ్ ఒకటుంది, మా పనిలో రోజూ వాడతాం. స్నానాల తొట్టిలా మొదట ఎత్తుగా, మధ్యలో చదునుగా, చివర మళ్లీ పైకి లేస్తుంది. మొదటి ఎత్తు తయారీ లోపాలది, అది కంపెనీ వారంటీలోనే బయటపడుతుంది. చివరి ఎత్తు అరుగుదలది, దాన్ని ఎవరూ కవర్ చెయ్యరు. చాలా కార్లకు ఎక్స్‌టెండెడ్ వారంటీ కాలం మధ్యలోని చదును మీద పడుతుంది. అమ్మేవాళ్లకు లాభం మిగిలేది అక్కడే. అయితే అన్ని భాగాలకూ ఒకే గ్రాఫ్ ఉండదు. ఎలక్ట్రానిక్ బోర్డులు వేడెక్కి చల్లారడాన్ని బట్టి పోతాయి, రబ్బరు సీళ్లు వయసును బట్టి, టర్బోలు (ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో పంపేవి), ఆటోమేటిక్ గేర్‌బాక్సులు కిలోమీటర్లను, నడిపే తీరును బట్టి పోతాయి. అవెన్ని ఉంటే ఆ చదును అంత ఎగుడుదిగుడు అవుతుంది.

కిలోమీటర్ల పరిమితి చాలామంది చూడరు. "ఏళ్లు లేదా కిలోమీటర్లు, ఏది ముందైతే అది" అని ఉంటుంది కదా. 3 ఏళ్ల కంపెనీ వారంటీ మీద ఇంకో 2 ఏళ్లు కొన్నారనుకోండి, మొత్తం పరిమితి 1,00,000 కిలోమీటర్లు. ఏడాదికి 30,000 తిరిగే మనిషికి మూడో ఏడాది చివరికే 90,000 అవుతాయి. 2 ఏళ్లకని కట్టిన డబ్బు 4 నెలలకే చెల్లిపోతుంది. అదే ఏడాదికి 8,000 తిరిగే మనిషికి కాలం ముందే అయిపోయి, మిగిలిన కిలోమీటర్లు వృథా పోతాయి. మీటరు చూసి, ఏడాదికి ఎంత తిరుగుతుందో లెక్కేసి, ప్లాను పక్కన పెట్టి చూడటానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

క్లెయిమ్ అడిగినప్పుడు ఏం జరుగుతుందో కూడా ముందే తెలుసుకోవాలి. రిపేరు మొదలుపెట్టక ముందే అనుమతి తీసుకోవాలి. దారిలో ఆగిపోయిందని దగ్గర్లోని షెడ్డులో బాగుచేయించి, తర్వాత బిల్లు పంపితే చాలా కాంట్రాక్టులు ఒప్పుకోవు. కారణం తెలియాలంటే ఇంజినో గేర్‌బాక్సో విప్పాలి. విప్పాక "ఇది కవర్ కాదు" అని తేలితే ఆ విప్పిన ఖర్చు, మళ్లీ బిగించే ఖర్చు మీదే. ప్రతి క్లెయిమ్‌కూ కొంత మొత్తం మీరు భరించాలని ఉండొచ్చు. అది సర్వీస్ సెంటర్‌కు వెళ్లిన ప్రతిసారికా, ప్రతి భాగానికా అన్నది తప్పకుండా అడగండి, ఒకేసారి మూడు భాగాలు పోతే తేడా తెలుస్తుంది. కారు పాతబడేకొద్దీ కొత్త భాగం ఖర్చులో మీ వాటా పెంచే ప్లాన్లు ఉన్నాయి. కవర్ కాని భాగం పోయి కవరైన భాగాన్ని పాడుచేస్తే రెండూ పోయినట్టే. ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు, మార్చాల్సిన గడువు దాటాక తెగి, వాల్వులు వంగితే, వాల్వులు జాబితాలో ఉన్నా లాభం లేదు. ఒక సర్వీస్ ఆలస్యమైనా, బయట హారన్లు, లైట్లు పెట్టించడానికి వైర్లు కత్తిరించినా, ఇంజిన్ పవర్ పెంచే చిప్ వేయించినా ఆ భాగానికి సంబంధించిన క్లెయిమ్ నిలవడం కష్టం. ఎలుకలు వైర్లు కొరకడం, ఇంజిన్లోకి నీళ్లు పోవడం వారంటీ పరిధిలోకే రావు. అవి బీమా పాలసీలో చూసుకోవాలి.

ఇప్పుడు తమ్ముడి కారు. వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, టర్బో పెట్రోలు ఇంజిను, రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. వాడి ఉద్యోగం రోజుకో సైటు తిరగడం. లోను ఇంకా నడుస్తోంది, ఇంట్లో చంటిపాప. చేతిలో పొదుపు పెద్దగా లేదు. ఆ కారులో టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దానికి అందాల్సిన ఆయిల్ కాసేపు ఆగితే చాలు, పాడైపోతుంది. గేర్‌బాక్సులో మెకట్రానిక్ యూనిట్ అని ఒకటుంటుంది. వాల్వులు, సెన్సర్లు, కంప్యూటర్ బోర్డు అన్నీ కలిసిన ముద్ద. అందులో చిన్న లోపం వచ్చినా చాలాచోట్ల మొత్తం యూనిట్టే మారుస్తారు. పెట్రోలును నేరుగా సిలిండర్లలోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు కూడా ఖరీదైనవే. వీటిలో ఏదైనా పోతే వాడు క్రెడిట్ కార్డు తియ్యాల్సిందే, కారు లేకపోతే పనికి వెళ్లలేడు. ఖరీదైన భాగాలు, ఎక్కువ తిరుగుడు, ఆదుకునే పొదుపు లేకపోవడం, ఈ మూడూ ఒకేచోట ఉన్నాయి. అలాంటి మనిషికి వారంటీ వాడకపోతే డబ్బు వృథా అన్న లెక్క వర్తించదని నా అభిప్రాయం. సగటున నష్టమైనా సరే, ఒక్క పెద్ద దెబ్బకు ఇల్లు కదిలిపోకుండా ఉండటం ముఖ్యం.

అయినా ఏదో ఒకటి కొననివ్వలేదు. ముందు పాత యజమాని సర్వీసు చరిత్ర కంపెనీ రికార్డుల్లో తీయించాం. అన్ని సర్వీసులూ గడువులోపే జరిగాయి. ఒక్కటి లేకపోయినా వద్దనేదాన్ని, ఎందుకంటే మొదటి పెద్ద క్లెయిమ్‌లో బయటికి తీసేది ఆ ఖాళీనే. వారంటీ సెకండ్ హ్యాండ్ కారుతో పాటు ఎంతవరకు వస్తుందో కూడా చూశాం. ఇది కంపెనీని బట్టి మారుతుంది. 1998లో హ్యుందాయ్ తన కార్ల మీద నమ్మకం కలిగించడానికి అమెరికాలో ఇంజిన్, గేర్‌బాక్సులకు 10 ఏళ్లు లేదా 1,00,000 మైళ్ల వారంటీ ప్రకటించింది. అదే కారు రెండో యజమాని చేతికొస్తే అది 5 ఏళ్లు, 60,000 మైళ్లకు తగ్గేది. వాడి విషయంలో కంపెనీ వారంటీ మిగిలిన కాలం పూర్తిగా బదిలీ అయ్యింది. కారు కంపెనీ సొంత ప్లానులో జాబితా చూస్తే మెకట్రానిక్ యూనిట్, టర్బో, హై ప్రెషర్ పంపు పేర్లు రాసి ఉన్నాయి. డ్యూయల్ క్లచ్ ప్లేట్లు మాత్రం లేవు. "అవి పోతే నీ జేబులోంచే, తెలిసే కొను" అని చెప్పాను. డీలరు చూపించిన ఇంకో ప్లాను చవకగా ఉంది, బయటి సంస్థది. అందులో "గేర్‌బాక్సు లోపలి కదిలే భాగాలు" అని మాత్రమే ఉంది. కంప్యూటర్ బోర్డు కదలదు కదా. దాన్ని పక్కన పెట్టేశాం.

కొనేముందు ఇంకొకటి కూడా చూడాలి. ఏదైనా భాగంలో అందరికీ సమస్య వస్తే కొన్నిసార్లు కంపెనీయే ఉచితంగా వారంటీ పొడిగిస్తుంది. అమెరికాలో నిస్సాన్ తన 2003 నుంచి 2010 వరకు మోడళ్ల సీవీటీ (గేర్లు మెట్లు మెట్లుగా కాకుండా నిరంతరం మారే ఆటోమేటిక్ రకం) గేర్‌బాక్సులకు అలాగే 10 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లకు పొడిగించింది. మీ మోడల్‌కు అలాంటిదేమైనా ఉందేమో అడిగితే పోయేదేం లేదు. ఉచితంగా ఉన్నదానికి డబ్బు కట్టడం ఎందుకు?

నా కారు విషయం వేరు. చిన్న పెట్రోలు ఇంజిను, టర్బో లేదు, మాన్యువల్ గేర్లు, టైమింగ్ బెల్టు బదులు చైను. తిరిగేది తక్కువ. దాంట్లో నేను ఊహించగలిగిన పెద్ద దెబ్బ ఏసీ కంప్రెసరో, ఇంజిన్ కంప్యూటరో పోవడం. ఆ రెండిట్లో ఏదొచ్చినా అప్పు చెయ్యకుండా కట్టగలను. వారంటీకి అడిగిన మొత్తాన్ని విడిగా ఒక ఖాతాలో వేశాను, అది కారు రిపేర్లకే. మావారు మాత్రం ఒప్పుకోలేదు. "కట్టేస్తే టెన్షన్ ఉండదు కదా" అన్నారు. నేను ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు, నిద్ర పట్టడానికీ విలువుంది. కానీ పుస్తకం ఆయన చేతికిచ్చి చదవమన్నాను. క్లెయిమ్ నిబంధనలు చదివాక, "ఇందులో టెన్షన్ వేరే రకంగా ఉంది" అన్నారు ఆయనే. ఇంజినే పోతే ఎలా అని అడిగారు. గడువులోపు ఆయిల్ మారుస్తూ, టెంపరేచర్ లైటు వెలిగితే వెంటనే ఆపేసే అలవాటుంటే ఈ రకం ఇంజిన్ ఉన్నట్టుండి పోవడం అరుదు. ఆ రిస్కు నేను తీసుకుంటాను.

మొత్తం మీద కొన్నవాళ్లలో ఎంతమందికి ఇది పనికొస్తుంది? అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2014లో ప్రకటించిన సర్వేలో, ఇలాంటి కాంట్రాక్టు కొన్నవాళ్లలో 55 శాతం మంది ఒక్క రిపేరుకు కూడా దాన్ని వాడుకోలేదు. ఈ అంకె చూపించి వద్దనడం నాకు నచ్చదు, టర్మ్ పాలసీ వాడుకోలేదని ఎవరూ బాధపడరు కదా. కానీ కట్టే డబ్బులో రిపేర్ల ఖర్చుతో పాటు అమ్మేవాళ్ల కమీషను, నడిపే సంస్థ లాభం కూడా ఉంటాయి. కాబట్టి భరించగలిగే రిస్కును అమ్మేసుకోవడం ఖరీదైన పనే. భరించలేని రిస్కు సంగతి వేరు. షోరూమ్‌లో దీన్ని కారు లోనులో కలిపేసి "నెలకు ఇంతే" అంటారు. అప్పుడు మూడేళ్ల తర్వాత మొదలయ్యే కవరుకు మొదటి నెల నుంచే వడ్డీ కడుతున్నట్టు. కొత్త కారు తాళాలు తీసుకునే రోజే నిర్ణయించుకోవాల్సిన అవసరం సాధారణంగా ఉండదు, కంపెనీ వారంటీ అయ్యేలోపు ఎప్పుడైనా తీసుకోనిచ్చే ప్లాన్లే ఎక్కువ. ఆలస్యమయ్యేకొద్దీ రేటు పెరుగుతుందన్నది నిజమే. ఎంత పెరుగుతుందో రాసిమ్మని అడిగి, ఆ తేడాను వడ్డీతో పోల్చి చూడండి.

ఎలక్ట్రిక్ కార్ల గురించి వదిన అడిగింది. అక్కడ అన్నిటికన్నా ఖరీదైన భాగం పెద్ద బ్యాటరీ. దానికి చాలా కంపెనీలు మొదటినుంచే 8 ఏళ్లు, 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితే బాగుచేస్తామనో మారుస్తామనో. కాబట్టి ఎక్స్‌టెండెడ్ ప్లాను ఆ బ్యాటరీకి కొత్తగా ఇచ్చేదేమీ ఉండకపోవచ్చు. చూడాల్సింది కారులోనే ఉండే ఛార్జర్ యూనిట్, మోటారు, ఇన్వర్టర్, బ్యాటరీని చల్లబరిచే పంపు, స్క్రీను జాబితాలో ఉన్నాయా అని.

ఇప్పటికే కొనేసి, ఇది చదివి వద్దనుకునేవాళ్లు ఉంటే, రద్దు నిబంధన వెతకండి. కొన్న కొద్దిరోజుల్లో పూర్తి డబ్బు, తర్వాతైతే మిగిలిన కాలానికి తగ్గట్టు కొంత వాపసిచ్చే కాంట్రాక్టులు చాలా ఉన్నాయి. లోనులో కలిపి కొన్నదైతే ఆ వాపసు మీ చేతికి రాకుండా నేరుగా లోను ఇచ్చిన సంస్థకు వెళ్లొచ్చు, ఏ ఖాతాకు జమచేశారో అడిగి తెలుసుకోండి. కారు అమ్మేస్తుంటే రద్దు చేసుకోవడమా, కొనేవాళ్ల పేరుకు బదిలీ చేసి ఆ మేరకు ధర అడగడమా అన్నది బేరం ముందే లెక్కేసుకోండి. బదిలీకి అమ్మిన తేదీ నుంచి గడువు ఉంటుంది, అది దాటితే బదిలీ కుదరకపోవచ్చు. ఏం చేసినా ఫోన్లో మాత్రం చెప్పి వదిలెయ్యకండి. కాంట్రాక్టు నంబరు, రద్దు కోరే తేదీ, ఆ రోజు మీటరు మీద ఉన్న కిలోమీటర్లు మెయిల్‌లో రాసి, మీటరు ఫోటో జతచెయ్యండి. వాపసు లెక్కకు వాళ్లు అడిగే వివరాలు అవే.